పాత పెళ్లి క్యాసెట్లను ఏ ఫార్మాట్‌లోకి మార్చాలి, ఎక్కడ దాచాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. 1993లో జరిగిన మీ అమ్మానాన్నల పెళ్లి మూడు వీహెచ్ఎస్ క్యాసెట్లలో ఉంది. 2001 నాటి మీ చెల్లెలి అన్నప్రాశన ఒక చిన్న మినీ డీవీ క్యాసెట్లో, 2007 నాటి గృహప్రవేశం ఒక డీవీడీలో ఉన్నాయి. షాపువాళ్లు అన్నీ ఎంపీ4 చేసి పెన్‌డ్రైవ్‌లో వేసి ఇస్తామన్నారు, ఇంకాస్త డబ్బిస్తే ఏఐతో 4కే చేస్తామన్నారు. అది సరిపోతుందా, ఆ తర్వాత క్యాసెట్లు పారేయవచ్చా, చెల్లెలి పెళ్లికి వీడియోగ్రాఫర్‌ని ఏం అడగాలి అన్నది మీ ప్రశ్న.

ముందు జవాబు: ఆ ఎంపీ4 ఒక్కటే సరిపోదు. క్యాసెట్లు పారేయకండి. ఒక్కో వీహెచ్ఎస్ క్యాసెట్ నుంచి రెండు ఫైళ్లు రావాలి. మొదటిది నాణ్యత ఏమాత్రం తగ్గించకుండా తీసిన మాస్టర్ ఫైలు. దానికి నేను వాడేది ఎఫ్ఎఫ్‌వీ1 కోడెక్ (వీడియోను కుదించి రాసే పద్ధతి), ఎంకేవీ ఫైలు. రెండోది ఇంట్లో అందరూ టీవీలో, ఫోన్లో చూసుకోవడానికి ఎంపీ4. మినీ డీవీ క్యాసెట్‌ని ఫైర్‌వైర్ అనే డిజిటల్ కేబుల్‌తో ఉన్నది ఉన్నట్టు కాపీ చేయాలి. డీవీడీని ముందు యథాతథంగా ఐఎస్ఓ ఫైలుగా, అంటే డిస్కు మొత్తానికి నకలుగా, తీసుకోవాలి. ఇవన్నీ రెండు హార్డ్ డిస్కుల్లో, రెండు వేర్వేరు ఇళ్లలో ఉండాలి. 4కే సంగతి తర్వాత చూసుకోవచ్చు, తొందరేమీ లేదు.

తొందర ఉన్నది క్యాసెట్ విషయంలోనే. నేను 1992లో కాకినాడలో ఒక స్టూడియోలో లైటు పట్టుకునే కుర్రాడిగా చేరాను. తర్వాత కెమెరా, ఆ తర్వాత మిక్సింగ్ చేశాను. గత పన్నెండేళ్లుగా ఎక్కువగా చేస్తున్నది పాత క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించే పనే. అందరూ టేపు పాడైపోతుందని భయపడతారు. అది నిజమే కానీ, టేపు కంటే ముందు దాన్ని ఆడించే మెషీన్ కనుమరుగవుతోంది. ప్రపంచంలో వీసీఆర్లు తయారు చేస్తూ చివరికి మిగిలిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016 జులైలో తయారీ ఆపేసింది. ఇప్పుడు మా దగ్గర ఉన్నవన్నీ పాత మెషీన్లే. టేపును చదివే హెడ్ అరిగితే, రబ్బరు రోలర్ గట్టిపడితే ఇంకో పాత మెషీన్ విప్పి అందులోంచి తీసి వేసుకోవాలి. ఆస్ట్రేలియా జాతీయ ఫిల్మ్, సౌండ్ ఆర్కైవ్ 2015లోనే ఒక హెచ్చరిక చేసింది: 2025 లోపు డిజిటల్‌లోకి ఎక్కించని టేపుల్లో చాలావాటిని ఇక కాపాడలేమని. ఆ గడువు దాటిపోయింది. టేపులన్నీ ఒక్కరోజులో చెరిగిపోలేదు, కానీ మంచి డెక్కులు, అంటే వీసీఆర్లు, వాటిని బాగుచేసే మెకానిక్కులు ఏటేటా తగ్గుతున్నారు. రిపేరు తెలిసినవాళ్లు మా జిల్లా మొత్తం మీద నాకు ఇద్దరే తెలుసు, ఇద్దరికీ అరవై దాటాయి.

వీహెచ్ఎస్ మీద బొమ్మ ఎలా ఉంటుందో కొంచెం తెలిస్తే, షాపులో ఏం పోగొట్టుకుంటామో అర్థమవుతుంది. టేపు అర అంగుళం వెడల్పు. మూడు గంటల క్యాసెట్లో సుమారు 250 మీటర్ల టేపు ఉంటుంది. అది సెకనుకు 23.39 మిల్లీమీటర్లే కదులుతుంది. అంత నెమ్మదిగా నడిచే టేపు మీద బొమ్మ రాయడం కుదరదు కాబట్టి, హెడ్లు ఉన్న డ్రమ్మును కాస్త వంచి పెట్టి, నిమిషానికి 1500 సార్లు తిప్పుతారు. రెండు హెడ్లు వంతులవారీగా టేపు మీద ఏటవాలు గీతలు రాస్తూ పోతాయి. ఒక్కో గీతలో ఒక ఫీల్డ్, అంటే సగం బొమ్మ ఉంటుంది. మన దేశంలో వాడిన పాల్ అనే టీవీ పద్ధతిలో సెకనుకు 50 ఫీల్డులు. ఒక ఫీల్డులో బేసి వరసలు, తర్వాతి ఫీల్డులో సరి వరసలు. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

రంగును వెలుగుతో కలిపి రాయరు. వెలుగుకు ఎక్కువ చోటు ఇచ్చి, రంగును దాదాపు 627 కిలోహెర్ట్జ్ దగ్గరికి దించి, అడుగున ఇరికిస్తారు. అందుకే వీహెచ్ఎస్‌లో రంగు వివరం చాలా తక్కువ. పెళ్లికూతురి ఎర్ర పట్టుచీర రంగు అంచు దాటి పక్కకు కారినట్టు కనిపిస్తుంది చూడండి, అది మీ టేపు పాడైనందువల్ల కాదు. ఆ రోజు మండపంలో రికార్డు చేసినప్పుడే అలా ఉంది. దీన్ని ఏ మెషీనూ పూర్తిగా సరిచేయలేదు.

సరిచేయగలిగింది వేరే ఉంది. ముప్పై ఏళ్లలో టేపు ఎండకీ చలికీ కొంచెం సాగుతుంది, ముడుచుకుంటుంది. దాంతో బొమ్మలోని ఒక్కో వరస రావాల్సిన సమయానికి కాస్త ముందో వెనకో వస్తుంది. స్తంభాలు వణుకుతాయి, ఫ్రేము పైభాగం పక్కకు వంగుతుంది. పాత డబ్బా టీవీలు ఈ తేడాను ఓర్చుకునేవి. కంప్యూటర్‌కి తగిలించే చవక యూఎస్‌బీ పరికరాలు ఓర్చుకోలేవు. అర్థంకాని ఫ్రేమును వదిలేస్తాయి. అలా గంటకు వందల ఫ్రేములు పోతే, చివరికి పంతులుగారి పెదవులు కదిలిన కాసేపటికి మంత్రం వినిపిస్తుంది. ఈ వరసల సమయాన్ని సరిచేసే పరికరాన్ని టీబీసీ అంటారు. కొన్ని మంచి ఎస్-వీహెచ్ఎస్ డెక్కుల్లో అది లోపలే ఉంటుంది. లేకపోతే పాత పానాసోనిక్ డీవీడీ రికార్డర్లలో ఈఎస్10, ఈఎస్15 మోడళ్లను మధ్యలో పెట్టి, వాటి గుండా సిగ్నల్ పంపినా చాలావరకు నిలబడుతుంది. ఆ రికార్డర్‌తో డిస్కు రాయించనక్కర్లేదు, సిగ్నల్ దాని లోపలి నుంచి వెళ్తే చాలు. నేను ఇప్పటికీ అలాంటిది ఒకటి వాడుతున్నాను.

షాపువాళ్లని మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే: వీసీఆర్‌కీ కంప్యూటర్‌కీ మధ్య ఏముంది? ఏమీ లేదు, వైరు నేరుగా యూఎస్‌బీలోకి వెళ్తుంది అంటే అక్కడ ఇవ్వకండి.

ఇప్పుడు ఫార్మాట్ సంగతి. చాలామంది ఎంపీ4, ఎంకేవీ, ఏవీఐ అనేవి వీడియో రకాలు అనుకుంటారు. అవి క్యారేజీ గిన్నెల్లాంటివి. లోపల ఉన్నది పప్పా, పులుసా అన్నది కోడెక్ చెబుతుంది. ఎంపీ4 గిన్నెలో హెచ్.264 ఉండొచ్చు, హెచ్.265 ఉండొచ్చు. కాబట్టి ఎంపీ4 ఇస్తాం అన్న మాటలో నాణ్యత గురించి ఏ సమాచారమూ లేదు. సెకనుకు 1 మెగాబిట్‌తో చేసినదీ ఎంపీ4యే, 10 మెగాబిట్లతో చేసినదీ ఎంపీ4యే.

కుదించడం అంటే కోడెక్ ఏం చేస్తుందంటే, ముందు ఫ్రేముకీ ఈ ఫ్రేముకీ మారనిదాన్ని మళ్లీ రాయదు. మారినదాన్ని రాస్తుంది, అందులోనూ కంటికి పెద్దగా తెలియదనుకున్నది వదిలేస్తుంది. మండపం కదలదు కాబట్టి సులువు. కష్టమంతా తలంబ్రాల దగ్గర వస్తుంది. వేల గింజలు, ఒక్కోటి ఒక్కో దిక్కుకు ఎగురుతాయి, పైన వీడియో లైటు మెరుపు, పాత టేపు చుక్కలు. కోడెక్‌కి ఏదీ వదిలేయడానికి వీలుండదు. బిట్లు చాలకపోతే బియ్యం గింజలు పోయి, వాటి స్థానంలో చదరపు గడులు మిగులుతాయి. ఎవరు కన్వర్షన్ చేసి ఇచ్చినా నేను ముందు తలంబ్రాలకు వెళ్లి చూస్తాను. గింజలు గింజలుగా కనిపిస్తే పని బాగున్నట్టు. మీరూ అదే చేయండి, డబ్బు ఇచ్చేముందే.

ఈ గడుల సమస్యలో నా తప్పూ ఉంది, అది చెప్పాలి. 2006 నుంచి 2010 వరకు నేను కొన్ని వందల క్యాసెట్లను డీవీడీల్లోకి మార్చి ఇచ్చాను. ఒక క్యాసెట్ ఒక డిస్కులో పట్టాలని అందరూ అడిగేవారు. మామూలు డీవీడీ 4.7 గిగాబైట్లు. మూడు గంటల వీడియో అందులో పట్టాలంటే సెకనుకు మూడున్నర మెగాబిట్లు కూడా దక్కవు, పైగా అది ఎంపెగ్-2, ఇప్పటి కోడెక్‌ల కంటే ఎక్కువ బిట్లు కావాలి దానికి. అయినా అలాగే చేశాను. ఇక జీవితాంతం ఉంటుందని కూడా చెప్పాను. ఆ రోజు అలాగే నమ్మాను. కొందరు నా మాట విని క్యాసెట్లు పారేశారు. 2017లో ఒకావిడ డిస్కు పట్టుకొని వచ్చారు. వాళ్లాయన పోయారు, పెళ్లి వీడియో చూడాలనుకుంటే సగం తర్వాత ఆగిపోతోంది. ఇంట్లో రాసే డీవీడీల్లో సమాచారం ఒక రసాయన రంగు పొర మీద ఉంటుంది. వేడికీ వెలుతురుకీ ఆ పొర మారిపోతుంది. మూడు డ్రైవుల్లో మార్చి మార్చి పెట్టి, డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో రెండు రోజులు చదివించాను. దాదాపు అంతా వచ్చింది కానీ పదకొండు నిమిషాలు రాలేదు. ఆ పదకొండు నిమిషాల్లోనే అప్పగింతలు ఉన్నాయి. క్యాసెట్ ఉండి ఉంటే మళ్లీ తీసేవాణ్ణి. అందుకే మీకు గట్టిగా చెబుతున్నాను, కన్వర్షన్ ఎంత బాగా జరిగినా క్యాసెట్ ఇంట్లోనే ఉంచండి. రేపు ఇంకా మంచి పద్ధతి రావచ్చు. ఇప్పటికే వీసీఆర్ చూపించే బొమ్మను కాకుండా, హెడ్ నుంచి వచ్చే ముడి సిగ్నల్‌నే రికార్డు చేసి, తర్వాత కంప్యూటర్లో బొమ్మగా మార్చే వీహెచ్ఎస్-డీకోడ్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు ఉంది. ఫలితాలు బాగుంటాయి. కాకపోతే డెక్కు విప్పి వైరు అతికించాలి, ఓపిక కావాలి, మామూలు షాపుల్లో దొరకదు.

మాస్టర్ ఫైలుకు ఎఫ్ఎఫ్‌వీ1 ఎందుకంటే, అది బొమ్మలో ఒక్క చుక్క కూడా వదలకుండా జిప్ ఫైలులాగా చిన్నది చేస్తుంది. విప్పితే మొదటి బొమ్మ యథాతథంగా వస్తుంది. ఏ కంపెనీ సొత్తూ కాదు, దాని నిర్మాణం 2021లో ఆర్ఎఫ్‌సీ 9043 అనే సాంకేతిక పత్రంగా బహిరంగంగా ప్రచురించారు. పెద్ద పెద్ద ఆర్కైవులు వాడుతున్నాయి. ఇరవై ఏళ్ల తర్వాత తయారుచేసిన కంపెనీ మూతపడింది, ఫైలు తెరుచుకోవడం లేదు అనే బాధ ఉండదు. సైజు మాత్రం పెద్దదే. ఏమీ కుదించకపోతే మన 720 బై 576 చుక్కల బొమ్మకు గంటకు 75 గిగాబైట్ల దాకా అవుతుంది. ఎఫ్ఎఫ్‌వీ1లో నాకు వీహెచ్ఎస్‌కి గంటకు 30 నుంచి 40 గిగాబైట్లు వస్తోంది, టేపులో చుక్కలు ఎక్కువుంటే ఇంకాస్త ఎక్కువ. మీ మూడు క్యాసెట్లూ నిండా మూడేసి గంటలు ఉన్నా దాదాపు 350 గిగాబైట్లు. ఒక టెరాబైట్ డిస్కులో మీ ఇంటి చరిత్ర మొత్తం పట్టి ఇంకా చోటు మిగులుతుంది.

చూసుకునే కాపీ హెచ్.264లో, సెకనుకు 8 మెగాబిట్ల దగ్గర చేయించండి. గంటకు 3.6 గిగాబైట్లు. హెచ్.265 ఇంకా చిన్నది చేస్తుంది, కానీ అత్తయ్యగారింట్లో ఉన్న పాత టీవీ దాన్ని తెరవకపోవచ్చు. అందరికీ తెరుచుకోవడమే ఈ కాపీ పని.

ఇందాక ఫీల్డుల సంగతి గుర్తుపెట్టుకోమన్నాను కదా. టేపులో సెకనుకు 50 ఫీల్డులు ఉన్నాయి. చాలామంది దాన్ని 25 ఫ్రేముల ఎంపీ4 చేస్తారు. రెండు ఫీల్డులను అలాగే కలిపేస్తే కదిలే చేతుల అంచుల్లో దువ్వెన పళ్లలా గీతలు వస్తాయి. ఒక ఫీల్డును తీసేస్తే గీతలు పోతాయి, కదలికలో సగం కూడా పోతుంది. అందుకే పాత వీడియో టీవీలో చూసినప్పుడు నునుపుగా ఉండేది, కంప్యూటర్లో చూస్తే తడబడుతున్నట్టు అనిపిస్తుంది. సరైన పద్ధతి: మాస్టర్‌లో ఫీల్డులను ముట్టుకోకూడదు, చూసుకునే కాపీని మాత్రం సెకనుకు 50 ఫ్రేములుగా చేయాలి. ఫీల్డులను ఫ్రేములుగా మార్చే ఫిల్టర్లలో నేను క్యూటీజీఎంసీ వాడతాను, సమయం లేకపోతే బీడబ్ల్యూడిఫ్. షాపులో ఈ పేర్లు తెలియకపోయినా ఫరవాలేదు, 50 ఫ్రేములుగా ఇవ్వండి అని అడిగితే తెలిసినవాళ్లకు అర్థమవుతుంది. అలాగే బొమ్మను సాగదీసి పెద్ద టీవీ నిండా పరచొద్దని చెప్పండి. అప్పటి బొమ్మ 4:3. పక్కల నల్ల పట్టీలు ఉంటేనే మీ నాన్నగారు సన్నగా, అప్పుడు ఎలా ఉన్నారో అలా కనిపిస్తారు.

క్యాసెట్లు షాపుకు ఇచ్చేముందు ఇంట్లో చేయాల్సిన పని ఒకటుంది. క్యాసెట్ కిటికీలోంచి టార్చి వేసి రీలు అంచు చూడండి. నల్లగా నున్నగా ఉండాలి. తెల్లని పొడిలా, సాలెగూడు పోగుల్లా ఏదైనా కనిపిస్తే అది బూజు. మా కోస్తా గాలిలో తేమ ఎక్కువ కాబట్టి నాకు వచ్చే క్యాసెట్లలో చాలావాటికి ఉంటుంది. బూజు ఉన్న క్యాసెట్‌ని ఏ మెషీన్లోనూ పెట్టొద్దు, ఒక్కసారి ఆడి చూద్దామని కూడా వద్దు. 2011లో కోనసీమ నుంచి వచ్చిన ఒక క్యాసెట్‌ని హడావిడిలో చూడకుండా లోపలికి తోశాను. బూజు హెడ్లకు పట్టింది, టేపు అతుక్కుంది, తెగింది. అంతటితో ఆగలేదు. తర్వాత పెట్టిన వేరే వాళ్ల క్యాసెట్ మీద గీతలు పడ్డాయి. ఆ రోజు నుంచి అనుమానం ఉన్నవాటికి వేరే మెషీన్ పెట్టుకున్నాను. బూజు టేపుని శుభ్రం చేయవచ్చు. క్యాసెట్ విప్పి, మాస్క్ పెట్టుకుని, టేపు పొడవునా నెమ్మదిగా తుడుస్తూ చుట్టాలి. ఒక్కో క్యాసెట్‌కి సగం రోజు పడుతుంది. అలవాటు లేనివాళ్లు ఇంట్లో చేయకపోవడమే మంచిది.

బూజు లేకపోతే, ఆడించేముందు ఒకసారి చివరిదాకా ఫార్వర్డ్ చేసి, మళ్లీ మొదటికి చుట్టాలి. ఏళ్ల తరబడి ఒకేచోట బిగుసుకుపోయిన రీలు కాస్త వదులవుతుంది. ఇంకొకటి, క్యాసెట్ వెనుక అంచున ఒక చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. అది విరిచేసి ఉంటే క్యాసెట్ మీద మళ్లీ రికార్డు కాదు. ఉంటే ఇప్పుడే విరిచేయండి. ఎవరో పొరపాటున రికార్డు బటన్ నొక్కితే పోయింది తిరిగి రాదు. మినీ డీవీకి విరవనక్కర్లేదు, జరిపే చిన్న స్విచ్ ఉంటుంది. దాన్ని సేవ్ వైపు జరపండి.

మూడు క్యాసెట్లలో ఏది మాస్టర్, ఏది కాపీ అన్నది కూడా కనుక్కోండి. అప్పట్లో కెమెరాలో తీసిన క్యాసెట్ ఒకటి, దాన్ని మిక్సింగ్ చేసి పూల డిజైన్లు, సినిమా పాటలు కలిపిన క్యాసెట్ ఒకటి ఉండేవి. బంధువులకు ఇచ్చినవి ఆ మిక్సింగ్ క్యాసెట్‌కి కాపీలు. వీహెచ్ఎస్‌లో కాపీ చేసిన ప్రతిసారీ బొమ్మ మసకబారుతుంది, రంగు ఇంకాస్త కారుతుంది. మీ మామయ్య ఇంట్లోనో, అప్పటి స్టూడియోలోనో మొదటి క్యాసెట్ ఉందేమో అడగడం ఏ ఏఐ కంటే మేలు చేస్తుంది. పోయినేడాది ఒక కుటుంబం అలా వెతికి, అటక మీద నుంచి కెమెరా క్యాసెట్ తెచ్చారు. అందులో పాటలు లేవు, నాదస్వరం ఉంది, ఆడవాళ్ల మాటలు ఉన్నాయి. మిక్సింగ్‌లో వాటన్నిటినీ పాట మింగేసింది. ముప్పై ఏళ్ల తర్వాత వాళ్ల నాయనమ్మ గొంతు మొదటిసారి విన్నారు.

గొంతు అన్నాను కాబట్టి ధ్వని గురించి ఒక మాట. మామూలు వీహెచ్ఎస్‌లో ధ్వని టేపు పై అంచున ఒక సన్నని పట్టీలో ఉంటుంది. అంచు నలిగితే బొమ్మ బాగానే ఉండి ధ్వని మాత్రం వస్తూ పోతూ ఉంటుంది. ధ్వని మొద్దుగా, నీళ్లలోంచి విన్నట్టు ఉంటే చాలాసార్లు టేపు తప్పు కాదు. రికార్డు చేసిన కెమెరాలోనూ ఈ వీసీఆర్‌లోనూ ఆడియో హెడ్ వంపు ఒకటి కాదు. హెడ్ పక్కనున్న చిన్న స్క్రూను వింటూ కొద్దికొద్దిగా తిప్పితే మంత్రాలు స్పష్టంగా వస్తాయి. షాపువాళ్లు ఇంత చేయరు, చేసేవాళ్లు దొరికితే వాళ్లకే ఇవ్వండి.

అమెరికాలో ఉన్న బంధువులు పంపిన క్యాసెట్లు కూడా ఏవైనా ఉంటే విడిగా పెట్టండి. అవి ఎన్‌టీఎస్‌సీ పద్ధతివి, 525 వరసలు. మన పాల్ వీసీఆర్‌లో సరిగా ఆడవు. పాడైపోయిందనుకొని పారేసినవాళ్లు ఉన్నారు. రెండు పద్ధతులూ ఆడించే డెక్కు కావాలి, అంతే.

మీ మినీ డీవీ విషయం సులువైనది. అది డిజిటల్. టేపు మీద ఉన్నవి అంకెలే, సెకనుకు 25 మెగాబిట్ల వీడియో. ఫైర్‌వైర్ పోర్టు ఉన్న కెమెరా, కంప్యూటర్ ఉంటే ఆ అంకెలు అలాగే ఫైలులోకి వస్తాయి. గంటకు 13 గిగాబైట్లు. అది మాస్టరే, మళ్లీ ఎఫ్ఎఫ్‌వీ1 చేయనక్కర్లేదు. కొన్ని షాపులు కెమెరా నుంచి పసుపు, ఎరుపు, తెలుపు వైర్లతో తీస్తాయి. అంటే డిజిటల్‌ని అనలాగ్ చేసి మళ్లీ డిజిటల్ చేస్తున్నట్టు. ఊరికే నష్టం. ఫైర్‌వైర్‌తో తీస్తారా అని అడగండి. కొత్త కంప్యూటర్లలో ఆ పోర్టు ఉండదు, పాత మెషీన్ దాచుకున్నవాళ్ల దగ్గరే ఈ పని అవుతుంది. ఇదీ వాయిదా వేయకండి. మినీ డీవీ టేపు పావు అంగుళమే, దాని మీద రాత చాలా దట్టం. వీహెచ్ఎస్‌లో చిన్న లోపం ఒక తెల్ల గీతగా కనిపించి పోతే, ఇక్కడ బొమ్మలో గడులు గడులుగా ఎగిరిపోతుంది.

ఎక్కడ దాచాలి. పెన్‌డ్రైవ్ మోసుకెళ్లడానికే, దాచడానికి కాదు. అందులో సమాచారం విద్యుత్ ఆవేశంగా ఉంటుంది, కరెంటు లేకుండా బీరువాలో ఏళ్లపాటు పడి ఉంటే ఆ ఆవేశం నెమ్మదిగా కారిపోతుంది. ఎస్ఎస్‌డీ కూడా అదే జాతి. దాచడానికి మామూలు హార్డ్ డిస్కులు రెండు కొనండి, వేర్వేరు కంపెనీలవి అయితే ఇంకా మంచిది. ఒకటి మీ దగ్గర, రెండోది ఊళ్లో అమ్మావాళ్ల దగ్గర. ఏడాదికి ఒకసారి, ఏ సంక్రాంతికో, రెండూ తగిలించి ఫైళ్లు తెరిచి చూడండి. ఐదారేళ్లకు కొత్త డిస్కుకు మార్చండి. ప్రతి ఫైలుకూ చెక్‌సమ్ అనే అంకెల ముద్ర తీసి పక్కన పెట్టుకుంటే, ఫైలు మారిందో లేదో మొత్తం చూడకుండానే తెలుస్తుంది. వేడి కంప్యూటర్ పక్కన, టీవీ వెనక డిస్కు వదిలేయకండి. డిస్కు ఎఫ్ఏటీ32గా ఫార్మాట్ అయి ఉంటే 4 గిగాబైట్లు దాటిన ఫైలు పట్టదు. పెళ్లిని ఏడెనిమిది ముక్కలు చేసి ఇవ్వడానికి చాలాసార్లు కారణం ఇదే. ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేసుకోండి.

మూడో కాపీ క్లౌడ్‌లో పెట్టుకోవచ్చు. గూగుల్ ఖాతా రెండేళ్లు వాడకపోతే తొలగించే నియమం ఉంది, కాబట్టి ఎవరూ తెరవని ఖాతాలో పెట్టి మరచిపోకండి. యూట్యూబ్‌లో ప్రైవేటుగా పెడదామనుకుంటే ఇంకో చిక్కు ఉంది. మిక్సింగ్‌లో కలిపిన సినిమా పాటలను అది గుర్తుపట్టి కొన్నిసార్లు ధ్వని తీసేస్తుంది, కొన్నిసార్లు వీడియోనే ఆపేస్తుంది. పైగా అది తనకు కావాల్సినట్టు మళ్లీ కుదిస్తుంది. వాట్సాప్ సంగతి చెప్పనక్కర్లేదు. పంచుకోవడానికి బాగుంటాయి, దాచడానికి కాదు.

ఏఐ 4కే గురించి. నేను వాడి చూశాను, కొన్ని చోట్ల బాగుంటుంది. కానీ టేపులో ముఖానికి నలభై యాభై చుక్కలే ఉన్నప్పుడు అది లేనిదాన్ని ఊహించి గీస్తుంది. ఒక వీడియోలో వెనక వరసలో కూర్చున్న పెద్దావిడ ముఖం ఫ్రేము ఫ్రేముకీ మారిపోయింది. ఆ ఇంటివాళ్లు ఇది మా అమ్మమ్మ కాదు అన్నారు. మాస్టర్ ఫైలు భద్రంగా ఉంటే ఐదేళ్ల తర్వాత ఇంకా మంచి ప్రోగ్రామ్‌తో చేయించుకోవచ్చు. మాస్టర్ లేకుండా 4కే ఒక్కటే తీసుకుంటే అసలు ముఖం పోయినట్టే.

ఇక మీ చెల్లెలి పెళ్లి. వీడియోగ్రాఫర్‌తో మాట్లాడేటప్పుడే ఒరిజినల్ ఫైళ్లన్నీ కావాలని ఒప్పందంలో రాయించండి. ఆల్బమ్, హైలైట్ వీడియో ఇచ్చాక స్టూడియోలు కొన్ని నెలలకే డిస్కులు ఖాళీ చేసుకుంటాయి. వాళ్లని తప్పుపట్టలేం, వరసగా పెళ్లిళ్లు ఉంటాయి, చోటు చాలదు. చాలా కెమెరాలు 4కేని సెకనుకు 100 మెగాబిట్లతో రాస్తాయి, అంటే ఒక్కో కెమెరాకు గంటకు 45 గిగాబైట్లు. రెండు కెమెరాలు పది గంటలు తిరిగితే దాదాపు 900 గిగాబైట్లు. రెండు టెరాబైట్ల డిస్కు మీరే కొనిచ్చి, కార్డుల్లో ఉన్నది ఉన్నట్టు కాపీ చేసి ఇవ్వమనండి. కెమెరాలో రెండు కార్డులు పట్టి రెండింటిలోనూ ఒకేసారి రికార్డు అవుతుందా అని కూడా అడగండి. ముహూర్తం వేళ కార్డు చెడిపోతే మళ్లీ తాళి కట్టించలేం కదా. ఇంట్లోవాళ్లు ఫోన్లో తీసినవి వాట్సాప్‌లో కాకుండా కేబుల్‌తో తీసుకోండి.

చివరిగా, ఎవరూ చేయని పని ఒకటి చెబుతాను. ఎంపీ4 చేతికి రాగానే అమ్మానాన్నల్ని, వీలైతే వాళ్ల అన్నదమ్ముల్ని కూర్చోబెట్టి ఆ మూడు క్యాసెట్లూ చూడండి. ఎవరు ఎవరో అడుగుతూ, నిమిషంతో సహా ఒక టెక్స్ట్ ఫైలులో తెలుగులో రాసుకోండి. 41వ నిమిషం, కాళ్లు కడుగుతున్నది పెదనాన్న, పక్కన చెంబు పట్టుకున్నది ఫలానా. ఆ ఫైలుని వీడియో పక్కనే అదే ఫోల్డర్లో పెట్టండి. నా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో చాలామందికి బొమ్మ దొరుకుతోంది కానీ, అందులో ఉన్న మనుషుల పేర్లు చెప్పేవాళ్లు మిగలడం లేదు.

టార్చి వేసి చూశాక రీలు అంచున తెల్లగా ఏదైనా కనిపిస్తే, దగ్గరగా ఒక ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. బూజో, ఊరికే దుమ్మో చూసి చెబుతాను. అప్పటిదాకా ఎవరికీ ఇవ్వకండి.